తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

సంతలో కూరగాయలు కొనేటప్పుడు తూకం రాళ్లను ఎప్పుడైనా తిరగేసి చూశారా? ఇనుప రాయిలో చిన్న గుంట ఉంటుంది. అందులో సీసం పోసి, దాని మీద ఒక ముద్ర కొట్టి ఉంటారు. తూనికలు కొలతల శాఖవారు సరిచూసి వేసిన ముద్ర అది. అమ్మేవాడు ఎంత నిజాయితీపరుడైనా ఆ ముద్ర తనంతట తాను వేసుకోవడానికి వీల్లేదు. అలాగని "నన్ను దొంగ అంటున్నారా?" అని అతను నొచ్చుకోడు. అది పద్ధతి, అంతే.

కిలో టమేటాల విషయంలో మనం ఇంత జాగ్రత్త పడతాం. మరి తాగే నీళ్లను తూచే రాయికి ముద్ర ఎవరు వేస్తున్నారు? భూమి వేడెక్కుతున్నదా లేదా అని తూచే రాయికి?

ఈ ప్రశ్న అడగడానికి కడప జిల్లాలోని వేముల మండలం కంటే తగిన చోటు నాకు తోచడం లేదు. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు వైపు విద్యార్థులకు ఇది తెలిసిన కథే. దూరాన ఉన్నవారి కోసం కాస్త వివరంగా చెబుతాను.

వేముల మండలంలో తుమ్మలపల్లె అనే ఊరుంది. అక్కడి నేల కింద సున్నపురాయికి దగ్గరి చుట్టమైన డోలమైట్ రాయి పొరలు పొరలుగా ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞులు పక్కనే ఉన్న వేంపల్లె పేరుతో దాన్ని వేంపల్లె డోలమైట్ అంటారు. 1980లలో ఆ రాతిలో యురేనియం ఉన్నట్టు కనిపెట్టారు. 2007లో గనికి శంకుస్థాపన జరిగింది. తవ్వుతున్నది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. మన అణు విద్యుత్ కేంద్రాలకు కావలసిన ఇంధనం ఇది. దేశానికి కరెంటు కావాలి కాబట్టి యురేనియం తవ్వడమే తప్పని నేను అనడం లేదు. ఆ చర్చ వేరు.

2011 జూలైలో అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఒక ప్రకటన చేశారు. తుమ్మలపల్లెలో 49,000 టన్నుల నిల్వలు ఖాయంగా ఉన్నాయని, అవి మూడింతలు కావచ్చని చెప్పారు. వెంటనే దేశ దేశాల పత్రికలు "ప్రపంచంలోనే అతి పెద్ద నిల్వల్లో ఒకటి" అని శీర్షికలు పెట్టాయి. అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే శీర్షికలో చోటు దొరకని అంకె ఒకటి ఉంది. ఇక్కడి ఖనిజం చాలా పలచన. టన్ను రాయి తవ్వి పిండి చేస్తే అందులో యురేనియం అరకిలో కూడా ఉండదు. మరి మిగిలిన 999 కిలోల పైచిలుకు పిండి ఎక్కడికి పోవాలి? ఊరివాళ్లకు కావలసిన అంకె అదే. నాకు తెలిసి పత్రికల మీద పలుకుబడి ముందుగా పనిచేసేది ఇలాగే. ఎవరూ విలేఖరిని బెదిరించరు. పెద్దవారు మైకు ముందు ఏ అంకె చెబుతారో ఆ అంకే అచ్చవుతుంది. చెప్పనిది అచ్చు కాదు.

ఆ పిండి సంగతి చూద్దాం. రాయి నుంచి యురేనియం తీయడానికి చాలా చోట్ల ఆమ్లం వాడతారు. డోలమైట్ మీద ఆమ్లం పోస్తే ఏమవుతుందో మీ రసాయన శాస్త్రం మాస్టారినడగండి. బుసబుస పొంగి ఆమ్లమంతా రాతితోనే ఖర్చయిపోతుంది. అందుకని తుమ్మలపల్లెలో సోడియం కార్బొనేట్, సోడియం బైకార్బొనేట్ వాడతారు. అంటే మన చాకలి సోడా, వంట సోడాలే. వాటిని రాతి పిండితో కలిపి ఎక్కువ ఒత్తిడిలో వేడి చేస్తే యురేనియం ద్రవంలోకి దిగుతుంది. దాన్ని వేరుచేశాక మిగిలిన బురదను గొట్టాల ద్వారా కొట్టాల గ్రామం దగ్గర కట్టిన ఒక వ్యర్థాల చెరువులోకి పంపుతారు. యురేనియం పోయినా దాని సంతానమైన రేడియం వంటి పదార్థాలు ఆ బురదలోనే ఉంటాయి. రేడియం సగం తగ్గడానికే 1600 ఏళ్లు పడుతుంది. అందుకే ఆ చెరువు అడుగు నుంచి చుక్క కూడా కిందికి దిగకూడదు.

2018 ప్రాంతంలో చుట్టుపక్కల రైతులు ఫిర్యాదులు మొదలుపెట్టారు. అరటి తోటలు ఎండిపోతున్నాయన్నారు. బోరు నీళ్లు మారిపోయాయన్నారు. ఒంటి మీద దురదలు వస్తున్నాయన్నారు. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో పనిచేసి రిటైరైన శాస్త్రజ్ఞుడు కె. బాబూరావు ఆ ఊళ్లకు వచ్చి చూశారు. చెరువు అడుగున వేయవలసిన పొరను అనుమతి షరతుల ప్రకారం వేయలేదని విమర్శించారు. 2019లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కంపెనీకి సంజాయిషీ నోటీసు ఇచ్చింది. నిపుణులతో ఒక సంఘాన్నీ వేసింది. కంపెనీ మాత్రం, ఈ ప్రాంతం రాళ్లలోనే యురేనియం ఉంది కాబట్టి అది బోరు నీళ్లలోకి సహజంగానే దిగుతుంది, చెరువుకూ దానికీ సంబంధం లేదు అన్నది.

ఎవరి మాట నిజం? తొందరపడకండి. కంపెనీ వాదన కొట్టిపారేయదగినది కాదు. యురేనియం ఉన్న రాతిలో బోరు వేస్తే నీళ్లలో యురేనియం రావడం వింతేమీ కాదు. గనులు లేని చోట్ల కూడా మన దేశంలో అలాంటి బోర్లున్నాయి. మరోపక్క, అరటి చెట్టు ఎండిందంటే కారణం యురేనియమే కానక్కరలేదు. ఉప్పు ఎక్కువైనా ఎండుతుంది, తెగులు వచ్చినా ఎండుతుంది, నీళ్లు చాలకపోయినా ఎండుతుంది. కోపం రుజువు కాదు. కంపెనీ ధీమా కూడా రుజువు కాదు.

అయితే ఈ చిక్కు విప్పడం శాస్త్రానికి చేతకాని పనేమీ కాదు. చెరువులో ఉన్నది సోడా కలిపిన బురద అని చెప్పాను కదా! ఆ నీరు కిందికి ఇంకితే యురేనియం ఒక్కటే రాదు, సోడియం వెంట వస్తుంది. ఖనిజంలోని గంధకం వల్ల ఏర్పడిన సల్ఫేట్ కూడా వస్తుంది. దొంగ వదిలిన వేలిముద్ర లాంటివి ఇవి. చెరువుకు ఎగువన ఉన్న బోర్లూ, దిగువన ఉన్న బోర్లూ ఏళ్ల తరబడి కొలుస్తూ పోవాలి. దిగువ బోర్లలో మాత్రమే సోడియం, సల్ఫేట్, యురేనియం మూడూ కలిసి పెరుగుతూ పోతే చెరువును అనుమానించాలి. ఎగువా దిగువా ఒకే తీరుగా ఉంటే, ఏళ్లు గడిచినా మారకుంటే, రాతిదే ఆ పని అనుకోవాలి. దీనికి గని తెరవకముందటి అంకెలు చాలా ముఖ్యం. ఏ బోరులో అప్పుడు ఎంత ఉండేది అన్నది ప్రతి పంచాయతీ గోడ మీదా రాసి ఉండవలసిన సంగతి.

ఇక్కడే తక్కెడ దగ్గరికి వస్తాం. మన దేశంలో ఫ్యాక్టరీ గానీ గని గానీ పెట్టేముందు పర్యావరణం మీద ప్రభావం ఎంత అని నివేదిక తయారు చేయాలి. తయారు చేసే నిపుణులకు డబ్బిచ్చేది ఎవరు? అనుమతి కోరే కంపెనీయే. ఆ తర్వాత నీళ్లు, గాలి పరీక్షలు చేయడంలో ముందుండే భాభా అణు పరిశోధన కేంద్రం అణుశక్తి విభాగానిది. గని కంపెనీ కూడా ఆ విభాగానిదే. భద్రతను తనిఖీ చేయడానికి 1983లో అణుశక్తి నియంత్రణ బోర్డును పెట్టారు. అది నివేదించుకునే అణుశక్తి సంఘానికి అధ్యక్షుడు అణుశక్తి విభాగం కార్యదర్శే. ఆ బోర్డుకు స్వతంత్ర ప్రతిపత్తి లేదని 2012లో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక గట్టిగా తప్పుపట్టింది. తవ్వేది అన్న, పరీక్షించేది తమ్ముడు, తప్పుంటే మందలించవలసింది బాబాయి. ముగ్గురూ ఒకే ఇంట్లో భోంచేస్తారు. దానికి తోడు 1962 నాటి అణుశక్తి చట్టం 18వ సెక్షన్ కొన్ని వివరాలను బయటపెట్టకుండా ఆపే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది.

"ప్రభుత్వ సంస్థే కదా, లాభం కోసం అబద్ధమెందుకు ఆడుతుంది?" అని ఒకరు నన్నడిగారు. అబద్ధం ఆడుతున్నదని నేననలేదు. ఆ శాస్త్రజ్ఞులు చాలామంది మహా నిజాయితీపరులు కావచ్చు. కానీ కొలబద్ద ఎలా ఎంచుకుంటారన్నది కూడా ఒక విషయమే. తాగే నీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పదిలక్షో వంతు. మన అణుశక్తి నియంత్రణ బోర్డు పెట్టుకున్న హద్దు 60. ఆ తర్వాత భారత ప్రమాణాల సంస్థ కూడా 30నే ఒప్పుకున్నది. ఒక బోరులో 45 ఉందనుకోండి. ఒక కొలబద్దతో ఆ నీళ్లు మంచివి, ఇంకో కొలబద్దతో చెడ్డవి. రెండు చోట్లా 45 అన్న అంకె నిజమే! కాబట్టి "నీళ్లు హద్దుల్లోనే ఉన్నాయి" అని పత్రికలో చదివినప్పుడు ఎవరి హద్దు అని అడగాలి. అలా అడిగిన విలేఖరులు తక్కువ.

నిజాయితీగల శాస్త్రజ్ఞులు ఉండి కూడా నిజం గడప దాటకపోవడం ఎలా జరుగుతుందో తెలియాలంటే వేముల దాటి కాస్త ఉత్తరానికి రండి. ముద్దనూరు దగ్గరి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు జమ్మలమడుగు వైపు వారికి కొత్త కాదు. అక్కడ మండేది బొగ్గు. 12 కిలోల కార్బన్ మండితే 44 కిలోల కార్బన్ డై ఆక్సైడ్, అంటే బొగ్గుపులుసు వాయువు, పుడుతుందని మీరు లెక్క కట్టగలరు. ఈ వాయువు పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు అరీనియస్ 1896లోనే లెక్కలు వేశాడు. 1958లో హవాయి ద్వీపంలో చార్లెస్ కీలింగ్ కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో పదిలక్షల పాళ్లకు అది 315 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

అమెరికాలో ఎక్సాన్ అనే పెద్ద చమురు కంపెనీ ఉంది. 1977లో ఆ కంపెనీ శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ సొంత యాజమాన్యం ముందు నిలబడి, మనం అమ్మే ఇంధనం వల్ల వాతావరణం మారబోతున్నదని వివరించాడు. కంపెనీ ఆ మాటను తోసివేయలేదు. ఒక చమురు ఓడకు పరికరాలు బిగించి, సముద్రం మీద బొగ్గుపులుసు వాయువును కొలిపించింది. మంచి పరిశోధన అది. ఎంత మంచిదంటే, ఆ కంపెనీవారి పాత అంచనాలను తర్వాత నిజంగా పెరిగిన ఉష్ణోగ్రతలతో పోల్చి 2023లో 'సైన్స్' పత్రికలో ఒక పరిశీలన వచ్చింది. వాటిలో 63 నుంచి 83 శాతం సరిగ్గా సరిపోయాయి. పదేళ్లకు సుమారు 0.2 డిగ్రీలు పెరుగుతుందని వారు వేసిన లెక్క తప్పలేదు.

మరి బయటి ప్రపంచానికి ఏం చెప్పారు? 1989లో చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు కొన్ని కలిసి ఒక కూటమి కట్టాయి. ఎక్సాన్ అందులో చేరింది. వాతావరణ శాస్త్రం ఇంకా తేలలేదని ప్రచారం చేయడమే ఆ కూటమి పని. మొబిల్ అనే మరో చమురు కంపెనీ 1970ల నుంచి న్యూయార్క్ టైమ్స్‌లో సంపాదకీయం ఎదురు పేజీలో డబ్బు కట్టి వ్యాసాల్లాంటి ప్రకటనలు వేసేది. 1997లో క్యోటో ఒప్పందం ముందు ఆ ప్రకటనలు శాస్త్రంలో సందేహాలున్నాయని రాశాయి. రెండు కంపెనీలు 1999లో ఒకటయ్యాయి. లోపలి కాగితాలు 2015లో పత్రికలవారి చేతికి చిక్కి బయటపడ్డాయి. తమ మాటలను సందర్భం విడదీసి చూపుతున్నారని కంపెనీ సమాధానం.

గమనించారా? లోపల అంకె సరైనదే. శాస్త్రజ్ఞుడు తన పని చేశాడు. అంకెకూ ఊరికీ మధ్య ఉన్న తలుపు తాళం మాత్రం అతని చేతిలో లేదు.

పత్రికల పాత్ర ఇంకా విచిత్రం. రెండు పక్షాలకూ సమాన చోటు ఇవ్వడం న్యాయమని విలేఖరులకు నేర్పుతారు. ఎన్నికల్లో అది న్యాయమే. కానీ వంద మంది డాక్టర్లలో తొంభై ఏడుగురు ఒక మాట, ముగ్గురు ఒక మాట చెబితే, ఒకరినీ ఒకరినీ పక్కపక్కన నిలబెట్టడం న్యాయమా? బాయ్‌కాఫ్ సోదరులు 1988 నుంచి 2002 దాకా అమెరికాలోని నాలుగు పెద్ద పత్రికల వార్తలు చదివి 2004లో ఒక లెక్క తేల్చారు. సగానికి పైగా వార్తలు, మనుషుల వల్ల వేడెక్కుతున్నదన్న మాటకూ, ప్రకృతి సహజమన్న మాటకూ సమానంగా చోటిచ్చాయి. చదివినవాడికి శాస్త్రజ్ఞులే రెండుగా చీలిపోయారని అనిపించింది. సందేహం అమ్మేవారికి అంతకంటే ఏం కావాలి? సిగరెట్ కంపెనీలు 1954 నుంచి నడిపిన వ్యాపారం కూడా ఇదే.

చమురు కథ మరీ దూరమనుకుంటే రాతినార సంగతి వినండి. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లె ప్రాంతంలో ఒకప్పుడు రాతినార తవ్వేవారు. మంటకు కాలని ఆ రాతిని దూదిలా విడదీయవచ్చు. దాని ధూళి ఊపిరితిత్తులకు విషం. 1936లో అమెరికాలో రాతినార కంపెనీలు సరనాక్ అనే ప్రయోగశాలకు డబ్బిచ్చి ఆ ధూళి మీద పరిశోధన చేయించాయి. తమ అనుమతి లేనిదే ఫలితాలు అచ్చు వేయకూడదని షరతు పెట్టాయి. ధూళి పీల్చిన ఎలుకలకు క్యాన్సర్ వచ్చినట్టు 1943లో అక్కడి శాస్త్రజ్ఞుడు గమనించాడు. 1951లో నివేదిక అచ్చయింది. క్యాన్సర్ ముక్క అందులో లేదు.

తుమ్మలపల్లెలోనూ ఇలాగే జరిగిందని నేననడం లేదు. అలా జరగలేదని ఊరివాళ్లకు నమ్మకం కలగాలంటే ఏం చేయాలన్నదే నా ప్రశ్న. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పరీక్షకయ్యే డబ్బు కంపెనీ దగ్గరే వసూలు చేయవచ్చు. కానీ ఆ డబ్బు కంపెనీ చేతి మీదుగా శాస్త్రజ్ఞుడికి వెళ్లకూడదు. ఎవరు పరీక్షించాలో కంపెనీ ఎంచుకోకూడదు. ప్రతి బోరు నుంచి మూడు సీసాలు పట్టాలి. ఒకటి కంపెనీ పంపమన్న చోటికి, ఒకటి సంబంధం లేని విశ్వవిద్యాలయానికి. మూడోది సీలు వేసి పంచాయతీలో ఉంచాలి. మొదటి రెండు అంకెలు కలవకపోతే అది తెరవాలి. అంకెలు తేలిన వారంలో తెలుగులో ఊళ్లో అంటించాలి. మంచివైనా అంటించాలి, చెడ్డవైనా అంటించాలి. కంపెనీ మాట నిజమైతే దానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు కదా!

వేముల మండలంలో హైస్కూల్లో చదివేవారు ఈ పనిలో కొంత ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. యురేనియంకు రంగు లేదు, వాసన లేదు. మీ లాబులో దాన్ని కొలవలేరు. సోడియంను మంటలో పసుపు రంగుతో గుర్తుపడతాం కదా అంటారేమో. ప్రతి నీటిలోనూ కొంచెం సోడియం ఉంటుంది కాబట్టి పసుపు రంగు వచ్చి తీరుతుంది. ఎంత ఉందో మాత్రం మంట చెప్పదు. కానీ నీళ్లలో కరిగిన లవణాల మొత్తం కొలిచే చిన్న మీటరు బజారులో దొరుకుతుంది. ఒకటి బడికి కొనిపించండి. ఎగువన మూడు బోర్లు, దిగువన మూడు బోర్లు ఎంచుకుని, నెలకొకసారి ఒకే తేదీన కొలిచి ఒక నోటుపుస్తకంలో రాయండి. పదో తరగతి అయిపోయి వెళ్లేవారు ఆ పుస్తకాన్ని తొమ్మిదో తరగతి వారికి అప్పజెప్పాలి. పదేళ్ల తర్వాత వచ్చే ఏ నిపుణుడికైనా అది పనికొస్తుంది.

పెద్ద ప్రయోగశాలకు నీళ్లు పంపే అవకాశం ఎప్పుడైనా వస్తే సీసా మీద అట్టముక్క అంటించి తేదీ, ఊరు, బోరు లోతు రాయండి. దాని కింద నీళ్లు పట్టినవారి పేరు, పరీక్షకు డబ్బు కట్టినవారి పేరు రాయండి. చోటు చాలకపోతే ఇంకో అట్ట అంటించండి.